చేపకండలోని పరాన్నభుక్కులు

ప్రకృతిశాస్త్ర పాఠము జరుగుచుండగా నొకనాడు ఒక బాలిక లేచి, “మాస్టరుగారూ! మా యింట కొనిన సముద్రపుచేపను కోయగా తెల్లని పురుగు కనబడినది. మా యమ్మ చేప నంతయు పారవేసినది. అట్లు చేయవలసినదేనా?” అని మమ్ము నడిగెను. ఆ పూట వారింట చారన్నమే యయ్యెనట. ప్రశ్న చిన్నదే, కాని తినువారి యారోగ్యమును, జాలరుల జీవనమును దానియందిమిడి యున్నవి. కావున సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

వేరొక ప్రాణి శరీరమున నివసించి, దానివలననే పోషణము పొందు జీవిని పరాన్నభుక్కు అందురు. సముద్రమున స్వేచ్ఛగా తిరుగు చేపలలో నివి యుండుట సహజము. అది జాలరి దోషము గాదు. చేప కుళ్లినదనుటకు గుర్తును గాదు. వీనిలో కంటికి కనబడు తెగ నొకదానిని, కనబడని తెగ నొకదానిని తెలిసికొందము.

కనబడువానిలో ముఖ్యమైనది అనిసాకిస్ అను పురుగు. ఎదిగిన పురుగులు తిమింగిలముల కడుపున నుండును. వాని గ్రుడ్లు మలముతో నీట బడి, పిల్లలై, రొయ్యలను బోలిన చిన్నప్రాణులలో జేరును. ఆ ప్రాణులను తినిన చేపలోనికి పురుగుపిల్ల ప్రవేశించి, చుట్ట చుట్టుకొని యుండును. దాని పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. ఇవి చాలవరకు ప్రేగుల చెంతనే యుండును. చేప చచ్చిన పిదప కొన్ని కండలోనికి ప్రాకును. అందుచే చేప పట్టిన వెంటనే ప్రేగులు తీసి మంచులో నుంచుట మేలు.

1960లో హాలెండు దేశమున వాన్ టీల్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును, కొద్దిగా ఉప్పు పట్టించిన పచ్చి హెర్రింగు చేపలను తినినవారికి వచ్చిన తీవ్రమైన కడుపునొప్పికి ఇట్టి పురుగే కారణమని తెలిపిరి. 1968లో ఆ చేపలను ముందుగా గడ్డకట్టింపవలెనని యచ్చట నిబంధన యేర్పడెను. కొద్దిపాటి ఉప్పునకును పులుపునకును ఈ పురుగు త్వరగా చావదు. కండ లోపలిభాగము 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని ఒక నిమిషము పొందినను, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఏడు దినము లున్నను చచ్చును. మన పులుసు తెర్లునప్పటి వేడి యంతకంటె చాల హెచ్చు. అయినను కొందరి శరీరమునకు చచ్చిన పురుగు సైతము సరిపడక దద్దురులు లేచును. అట్టివారు వైద్యుని సలహా పొందవలెను.

కనబడని తెగకు కుడోవా థిర్సైటిస్ అని పేరు. దక్షిణాఫ్రికాలోని స్నోక్ అను చేపయందు దీనిని గిల్‌క్రిస్ట్ 1924లో వర్ణించెను. నక్షత్రాకారముగల దీని బీజములు సూక్ష్మదర్శినికి గాని గోచరింపవు. బ్రదికియున్నప్పుడు చేప గట్టిగానే యుండును. చచ్చిన పిమ్మట ఈ జీవి విడుచు ఎంజైము కండలోని మాంసకృత్తులను కరగించును. కండ మెత్తబడి జావవలె నగును. ఉత్తర అమెరికా పడమటి తీరమున దొరకు హేక్ చేపకు నిదియే పెద్ద చిక్కు. దాని కండతో సురిమి యను ముద్ద చేయువారు, ఆ ఎంజైమును అడ్డుటకై గ్రుడ్డు తెల్లసొన మొదలగువానిని కలుపుదురు. పట్టినవెంటనే చల్లబరచినచో మెత్తబడుట మందగించును. ఆలస్యమైనచో, తూకమునకు వచ్చు వేళకు జాలరి శ్రమ వ్యర్థమగును.

కావున, బాలికా! కంటికి రోతపుట్టించిన పురుగు చేప నంతటిని పాడుచేయలేదు. పైకి నిగనిగలాడు చేప లోపల జావయై యుండవచ్చును. చూపు నొక్కదానినే నమ్మక, కండను వ్రేలితో నొక్కి చూడవలెను, వాసన చూడవలెను. రెండును బాగుగానున్నచో, పురుగును తీసివేసి, చేపను చక్కగా కడిగి, ముక్క లోపలివరకు ఉడికించి తినవచ్చును. ఈ మాట మీ యమ్మగారికి తెలుపుము.