గాలి చూసి డిస్క్, చేయి చూసి నెంబరు

వానాకాలంలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు వెళ్తే ఒక్కసారి తలెత్తి చూడండి. గాలి గట్టిగా ఉన్న రోజున విమానాలు పడమటికే లేస్తాయి. గాలి వచ్చేదీ పడమటి నుంచే. చలికాలంలో తూర్పుగాలి తిరిగిందంటే విమానాలూ అటు తిరుగుతాయి. రన్‌వే కొసల్లోని 09, 27 అంకెల అర్థం అదే: 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. ఆ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంత చోటున్నా పైలట్ గాలిని వెనక పెట్టుకుని లేవాలని చూడడు. ఎదురుగాలి రెక్కకు బలమని అతనికి తెలుసు.

డిస్క్ గోల్ఫ్‌లోనూ మొదట నేర్వాల్సింది ఇదే. ఈ ఆటలో బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్, గుంటకు బదులు గొలుసుల బుట్ట. 1975లో ఎడ్ హెడ్రిక్ కాలిఫోర్నియాలో దీనికి తొలి శాశ్వత కోర్సు వేశాడు. దూరం విసిరే డిస్క్‌ని డ్రైవర్ అంటారు. ఒక్కోదానికి నాలుగు అంకెలు ఇస్తారు: వేగం, తేలే గుణం, మొదట్లో తిరిగే గుణం, చివర్లో వాలే గుణం.

కొత్తగా ఆడేవారు దుకాణంలో నేరుగా 12, 13 వేగం దగ్గరికే వెళ్తారు. ఛాంపియన్లు విసిరే డిస్ట్రాయర్ అనే డిస్క్ వేగం 12 కదా, మనమూ అదే కొందామనుకుంటారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఆ అంకె డిస్క్ మీకిచ్చే వేగం కాదు, మీ చేతి నుంచి అది అడిగే వేగం. అంత వేగం అందకపోతే గాల్లో కాసేపైనా నిలవదు, కుడిచేత్తో మామూలుగా విసిరేవారికి ఎడమవైపు వాలి చతికిలబడుతుంది. సముద్రమట్టానికి 600 మీటర్ల పైనున్న మన శంషాబాద్ నేల మీద గాలి కాస్త పలచన, కాబట్టి ఇంకాస్త ముందే వాలుతుంది. 6 వేగం ఉన్న లెపర్డ్ అనే డిస్క్ అదే చేతిలో ఇంకా దూరం పోతుంది. నా మాట వింటే, 80 మీటర్లు తిన్నగా విసరగలిగేదాకా 9 దాటొద్దు.

జీతం, హోదా చూసి ఉద్యోగానికి ఎగబడేవారిదీ ఇదే తంతు. ఆ కుర్చీ మీకేం ఇస్తుందో అందరూ చెబుతారు. అది మీ దగ్గర రోజూ ఏం అడుగుతుందో మీరే కనుక్కోవాలి.

ఇక గాలి. ఎదురుగాలిలో డిస్క్‌కు తన వేగం పెరిగినట్టే. లెపర్డ్ లాంటిది పైకి లేచి, కుడికి బోర్లా తిరిగి పడిపోతుంది. చాలామంది అప్పుడు పళ్లు బిగించి ఇంకా గట్టిగా విసురుతారు. అలా చేస్తే అది ఇంకా తిరుగుతుంది! చేయాల్సింది వేరు: ఫైర్‌బర్డ్ లాంటి, తేలిగ్గా తిరగని మొండి డిస్క్ తీయండి, నేలకు దగ్గరగా, నింపాదిగా వదలండి. బరువు 170 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతున్నప్పుడు కూడా గొంతు పెంచేవారికన్నా, తగ్గించి మాట్లాడేవారే నిలబడతారు.

వెనకగాలి మోసకారి. సాయం చేస్తుందనుకుంటాం గానీ డిస్క్‌ను కిందికి నొక్కేస్తుంది. అప్పుడు లెపర్డ్ లాంటి మెతక డిస్క్‌ను ఎత్తుగా వదిలితేనే లాభం. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు కొట్టాడు. గాలి సాయం ఉన్నమాట నిజమే. కానీ ఆ గాలిలో నిలబడ్డ మరొకరికి అది దక్కలేదు, ఎందుకంటే చేయి ఆయనది.

కాబట్టి ఈ వారం ఒక్క లెపర్డ్ కొనండి, చాలు. బుట్టలు లేకపోయినా ఖాళీ మైదానం ఉంటే సరిపోతుంది, ఎయిర్‌పోర్టు గోడ దగ్గర మాత్రం వద్దు. విసిరే ముందు గుప్పెడు గడ్డి తుంచి వదిలి, గాలి ఎటుందో చూసుకోండి.