ప్రార్థన వేళ శరీరంలో ఏం జరుగుతుంది?



మన వసతి గృహాల్లో గుడికి వెళ్ళేవారం, చర్చికి వెళ్ళేవారం, నమాజు చేసేవారం, బుద్ధవందనం చేసేవారం అందరం ఒకే హాలులో కూర్చుని చదువుకుంటాం. ప్రార్థన చేస్తే మనసు కుదుటపడుతుందని అందరం అంటాం. ఆ సమయంలో శరీరంలో జరిగే మార్పుల గురించి శాస్త్రం ఏం చెబుతోందో తెలుసుకుందాం.

శ్వాస: మనం సాధారణంగా నిమిషానికి 12 నుండి 18 సార్లు శ్వాసిస్తాం. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 23 మందిని పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించింది. వారు క్రైస్తవుల జపమాల ప్రార్థన చెప్పినా, ‘ఓం మణిపద్మే’ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గింది. రక్తపోటును సరిచేసే ప్రతిచర్య మెరుగుపడింది. మతాలు వేరైనా శరీరం స్పందించిన తీరు ఒక్కటే!

మెదడు: అమెరికాలో న్యూబర్గ్ బృందం ధ్యానంలో అనుభవమున్న 8 మంది టిబెట్ బౌద్ధ సాధకుల మెదళ్ళను స్కాన్ చేసి 2001లో వివరాలు వెల్లడించింది. ఏకాగ్రతకు తోడ్పడే ముందు భాగంలో రక్తప్రసరణ పెరిగింది. అది పెరిగిన కొద్దీ, మన దేహం ఎక్కడుందో గుర్తించే భాగంలో తగ్గుతున్నట్లు కనిపించింది. ‘నేను’ అన్న హద్దు చెరిగిపోయిన అనుభూతికి ఇది కారణం కావచ్చని వారి ఊహ. అయితే 8 మందిని చూసి అందరి గురించీ తేల్చి చెప్పలేం.

జాగ్రత్త: కెనడాకు చెందిన పెర్సింగర్, తలకు హెల్మెట్ పెట్టి బలహీన అయస్కాంత క్షేత్రంతో దివ్యానుభూతి కలిగించవచ్చన్నాడు. 2005లో స్వీడన్ పరిశోధకులు, క్షేత్రం ఎప్పుడు ఉందో ఎవరికీ తెలియనీయకుండా పరీక్షించారు. క్షేత్రం ఉన్నా లేకున్నా తేడా రాలేదు. ఎదుటివారి సూచనలకు తేలికగా లోబడేవారికే అనుభూతులు ఎక్కువగా కలిగాయి.

దీన్నిబట్టి దేవుడు ఉన్నాడని గాని, లేడని గాని తేలుతుందా? తేలదు. అమ్మ ఎదురుగా ఉన్నా, కలలో కనిపించినా మెదడు పనిచేస్తుంది. మెదడు పనిచేసిందన్న ఒక్క ఆధారంతో అమ్మ అక్కడ ఉందో లేదో చెప్పలేం కదా! నమ్మకం ఎవరిది వారిది.

కాని ఒక్క విషయంలో మాత్రం సందేహం వద్దు. ఫిట్స్ వస్తే దయ్యం పట్టిందని, గాలి సోకిందని ఇప్పటికీ కొన్నిచోట్ల భూతవైద్యుల దగ్గరకు తీసుకెళుతున్నారు. మూర్ఛ కూడా మిగతా జబ్బుల వంటిదేనని గ్రీకు వైద్య గ్రంథాలు సుమారు 2400 ఏళ్ళ క్రితమే చెప్పాయి. తోటి విద్యార్థికి ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. తర్వాత డాక్టరుకు చూపించాలి, మందులు మానకుండా వాడాలి.

ఆ స్నేహితుని కోసం ప్రార్థించడం మంచిదే. ప్రార్థిస్తూనే ఆసుపత్రికి తీసుకెళదాం!