మన పేరుతో మరొకరు లావాదేవీ జరిపితే ఏం చేయాలి?

(సభ్య శిక్షణ పాఠం)

పశు పోషణ, మేత సాగు, వెన్న శాతం, దూడల పెంపకం గురించి ఈ పేజీలలో తరచుగా వ్రాస్తున్నాము. ఈసారి కష్టపడి సంపాదించిన పాల డబ్బును, మన పేరును కాపాడుకోవడం గురించి వ్రాస్తున్నాము. పాల బిల్లులు బ్యాంకు ఖాతాలలో జమ అవుతున్న ఈ రోజుల్లో ప్రతి సభ్యుడు, ప్రతి సభ్యురాలు ఈ విషయాలు తెలుసుకొని ఉండటం అవసరం.

కొట్టంలో పెయ్య పోతే తెల్లవారేసరికి తెలుస్తుంది. మన గుర్తింపు దొంగిలించబడితే అలా తెలియదు. ఆధార్ కార్డు మన పెట్టెలోనే ఉంటుంది, పాసుబుక్కు మన చేతిలోనే ఉంటుంది. కాని వాటి నకలుతో ఎక్కడో ఎవరో మన ఖాతాలో డబ్బు తీస్తారు, మన పేరున అప్పు తీసుకుంటారు, మన పేరున సిమ్ కార్డు కొంటారు. దీనినే గుర్తింపు దొంగతనం అంటున్నాము.

ఇది ఎలా జరుగుతుంది?

గ్రామాలలో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకొనే పద్ధతి అందరికీ తెలిసిందే. ఇందులో ఏ.టి.ఎం. కార్డు గాని, పిన్ నంబరు గాని అవసరం లేదు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉంటే చాలు. దూరాన ఉన్న బ్యాంకుకు పోలేని వృద్ధులకు, స్త్రీలకు ఇది చాలా ఉపయోగకరమైన సౌకర్యమే. అయితే ఆధార్ సంఖ్యతో పాటు వేలిముద్ర నకలు కూడా దొంగ చేతికి చిక్కితే అదే ప్రమాదంగా మారుతుంది.

వేలిముద్రకు నకలు ఎలా వస్తుందని కొందరికి సందేహం కలగవచ్చు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి పోలీసులకు దొరికాడు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను వెబ్‌సైటు నుంచి తీసుకొని, వాటిపై ఉన్న ఆధార్ సంఖ్యలను, వేలిముద్రలను ఉపయోగించాడు. రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో వేలిముద్రల నకళ్ళు చేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు ప్రారంభించాడు. ఆ దస్తావేజుల యజమానులు తెలిసి చేసిన పొరపాటు ఏదీ లేదు. కాబట్టి మోసపోయినవారిని తెలివితక్కువవారని నిందించడం న్యాయం కాదు.

మరొక పద్ధతి ఇంకా సులువైనది. పాలు పితికి, గడ్డి కోసి వేళ్ళు అరిగిపోయినవారికి యంత్రంపై ముద్ర ఒక్కసారికి పడదు. ఇది ఆసరాగా తీసుకొని కొందరు "పడలేదు, మళ్ళీ పెట్టండి" అని రెండు మూడు సార్లు వేలు పెట్టించి, రెండు సార్లు డబ్బు తీసి ఒకసారి మాత్రమే ఇస్తారు. అందరూ ఇలాంటివారు కారు. కాని ముద్ర పడలేదన్న ప్రతిసారీ రసీదు అడగడం మన హక్కు.

ఇవి కాక, ఎక్కడపడితే అక్కడ ఇచ్చిన జిరాక్సు కాగితాలు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోనులో ఓ.టి.పి. అడిగేవారు, సబ్సిడీ గేదె ఇప్పిస్తామని కాగితాలు పట్టుకుపోయేవారు కూడా ఈ దొంగతనానికి దారులే.

ఏ గుర్తులను బట్టి అనుమానించాలి?

1. పాల బిల్లు జమ అయిన తరువాత మనం తీయని మొత్తం ఖాతాలో తగ్గడం.
2. మనం తీసుకోని అప్పుకు వాయిదా కట్టమని నోటీసు లేక ఫోను రావడం.
3. బ్యాంకులో పశు రుణం అడిగితే "మీ పేరున ఇప్పటికే బాకీ ఉంది" అనడం.
4. మన ఫోనులో ఉన్నట్టుండి సిగ్నలు పూర్తిగా పోవడం. మన నంబరుతో వేరొకరు మరో సిమ్ తీసుకొని ఉండవచ్చు.
5. మనం అడగకుండానే ఓ.టి.పి. మెసేజీలు వస్తూ ఉండటం.

మొదటి రోజే చేయవలసిన పనులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సభ్యురాలికి పక్షం బిల్లు 6,840 రూపాయలు జమ అయింది. మరునాడు 6,500 రూపాయలు తీసినట్లు మెసేజి వచ్చింది. ఆమె గాని, ఇంటివారు గాని తీయలేదు. ఆమె ఏ వరుసలో ఏ పనులు చేయాలి?

మొదటిది: 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదులు తీసుకొనే జాతీయ నంబరు. ఖాతా సంఖ్య, తేదీ, మొత్తం, మెసేజిలో ఉన్న లావాదేవీ సంఖ్య చెప్పాలి. వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను కాగితంపై వ్రాసుకోవాలి. డబ్బు మరొక ఖాతాకు పోయి ఉంటే, అక్కడ నుంచి తీయకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. అందుకే గంటలు కూడా ముఖ్యం.

రెండవది: బ్యాంకుకు వెళ్ళి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నోటిమాట చాలదు. రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై తేదీతో సహా బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యాన్ని ఖాతాపై ఆపమని అదే ఉత్తరంలో కోరాలి. ఆ డబ్బు ఏ కేంద్రంలో, ఏ యంత్రం ద్వారా తీయబడిందో వివరాలు అడగాలి. ఈ వివరం తరువాత పోలీసు విచారణకు పనికివస్తుంది.

మూడవది: ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాలి. ఆధార్ వెబ్‌సైటులో గాని, యాప్‌లో గాని ఇది చేయవచ్చు. ఇందుకు ఆధార్‌కు మన ఫోను నంబరు జతచేసి ఉండాలి. లేకుంటే ముందు ఆధార్ కేంద్రంలో జత చేయించుకోవాలి. వివరాలకు 1947 నంబరుకు ఫోను చేయవచ్చు. లాక్ ఉన్నంతకాలం మన వేలిముద్ర ఎక్కడా చెల్లదు. రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర కూడా వేలు పడదు కనుక, ఆ అవసరం వచ్చినపుడు తాత్కాలికంగా తెరిచి మళ్ళీ మూయాలి. పిన్ నంబరు పోతే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేము. కాబట్టి ఈ శ్రమ పడక తప్పదు.

నాలుగవది: పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. ఇతరుల గుర్తింపును మోసంతో వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షను క్రింద నేరం. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తీసుకోవడానికి నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపవచ్చు.

ఐదవది: సంఘం కార్యదర్శికి చెప్పాలి. తరువాతి పాల బిల్లు అదే ఖాతాకు పోకుండా, విషయం తేలేవరకు వేరే ఏర్పాటు చేయమని కోరాలి.

మూడు పని దినాల లెక్క

ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల గురించి 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశాలు జారీ చేసింది. జూలైలో వాణిజ్య బ్యాంకులకు, డిసెంబరులో సహకార బ్యాంకులకు ఇవి వచ్చాయి. వాటి సారాంశం ఇది:

తప్పు బ్యాంకుదే అయితే ఖాతాదారుకు నష్టం లేదు. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో వేరొకరు మోసం చేసినపుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాలలోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాలలోగా అయితే ప్రాథమిక పొదుపు ఖాతాదారుపై గరిష్ఠంగా 5,000 రూపాయలు, ఇతర పొదుపు ఖాతాదారులపై 10,000 రూపాయల వరకు భారం పడుతుంది. ఏడు రోజులు దాటితే ఆయా బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. మనమే ఓ.టి.పి. చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం మనమే భరించాలి. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది.

సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. పైన చెప్పిన సభ్యురాలికి సోమవారం మెసేజి వచ్చిందనుకుంటే, మధ్యలో సెలవు లేకపోతే, గురువారంలోగా ఫిర్యాదు చేయాలి. శుక్రవారం వెళ్తే, ఆమెది ప్రాథమిక పొదుపు ఖాతా అయిన పక్షంలో, 6,500 రూపాయలలో 5,000 వరకు ఆమే భరించవలసి రావచ్చు. ఒక్క రోజు ఆలస్యానికి ఇంత తేడా ఉంది! నియమాలు ఎప్పటికప్పుడు సవరించబడుతూ ఉంటాయి కనుక బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. బ్యాంకు ముప్పై రోజులలో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు రుసుము లేదు. 14448 నంబరులో వివరాలు చెబుతారు.

మన పేరున తెలియని అప్పు ఉంటే

అప్పుల వివరాలు నమోదు చేసే సంస్థలు మన దేశంలో నాలుగు ఉన్నాయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవి ఒక్కొక్కటీ సంవత్సరానికి ఒకసారి మన పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో మనది కాని అప్పు కనిపిస్తే ఆ సంస్థకు, అప్పు ఇచ్చిన బ్యాంకుకు ఎఫ్.ఐ.ఆర్. ప్రతితో సహా వ్రాయాలి. దరఖాస్తు ఫారం, ఫొటో, సంతకం లేక వేలిముద్ర ప్రతులను చూపమని అడగాలి. ఫిర్యాదును ముప్పై రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

పరువు పోతుందన్న భయంతో "ఒక వాయిదా కట్టేస్తే వదిలిపోతుంది" అనుకోకూడదు. కడితే అప్పు మనదేనని ఒప్పుకున్నట్లు వారు వాదించవచ్చు.

మన పేరున ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథి పోర్టల్‌లో చూసుకోవచ్చు. మనది కాని నంబరు ఉంటే అక్కడే తెలియజేయవచ్చు.

ముందు జాగ్రత్తలు

1. జిరాక్సు ప్రతిపై ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా వ్రాసి సంతకం చేయాలి.
2. వీలున్నచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.
3. ఖాతాకు మన సొంత ఫోను నంబరు జతచేయాలి. పొరుగువారి నంబరు ఇస్తే మెసేజి పొరుగింటికి పోతుంది.
4. ప్రతి బిల్లు తరువాత పాసుబుక్కు వ్రాయించుకొని, సంఘం బిల్లుతో సరిచూసుకోవాలి.
5. కమీషను ఇస్తామన్నా ఖాతాను, సిమ్‌ను ఎవరికీ అప్పుగా ఇవ్వకూడదు. ఆ ఖాతాలో దొంగ సొమ్ము జమ అయితే పోలీసులు వచ్చేది మన ఇంటికే.

మరొక మాట. డబ్బు పోయిన సంగతి ఇంట్లో తిడతారని దాచేవారు ఉంటారు. తీసినవాడు బంధువో, తెలిసినవాడో అయితే చెప్పడానికి మొగమాటపడేవారూ ఉంటారు. ఇంటివారు ఆ సమయంలో కోపపడకుండా వెంట బ్యాంకుకు వెళ్ళడం మంచిది. దాచిన ప్రతి రోజూ దొంగకే లాభం.

సంఘాల బాధ్యత

సభ్యుల కాగితాలు సంఘం దగ్గర కూడా ఉంటాయి. వాటిని తాళం వేసిన బీరువాలో ఉంచాలి. ఖాతా సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు ఉన్న జాబితాలను గోడకు అంటించరాదు, ఫోను గ్రూపులలో పంపరాదు. సభ్యుని ఖాతా మార్చమని ఫోనులో ఎవరు చెప్పినా మార్చరాదు. సభ్యుడు స్వయంగా వచ్చి వ్రాసి ఇస్తే, పాలకవర్గ సభ్యుని ఎదుట పాసుబుక్కు చూసి మార్చాలి. సంఘం ముద్రను, లెటరుహెడ్‌ను కూడా ఇదేవిధంగా భద్రపరచాలి. వాటితో తప్పుడు ధ్రువపత్రాలు పుట్టవచ్చు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో ఎంతమంది సభ్యుల ఖాతాలకు వారి సొంత ఫోను నంబరు జతచేసి ఉంది?
2. సభ్యుల ఆధార్ ప్రతులు ఎక్కడ ఉన్నాయి? తాళం ఎవరి దగ్గర ఉంది?
3. చదువురాని సభ్యురాలికి ఇలాంటి నష్టం జరిగితే ఆమెతో బ్యాంకుకు, స్టేషనుకు ఎవరు వెళ్తారు?

మూడవ ప్రశ్నకు సమావేశం ముగిసేలోగా ఒక పేరు నిర్ణయించి, 1930, 1947 నంబర్లతో పాటు ఆ పేరును పాల కేంద్రంలో అందరికీ కనిపించేటట్లు వ్రాసి పెట్టవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.