జూలై జాబితా

హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌లాండ్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఆ ఊళ్లోనే కాన్‌స్టెలేషన్ ఫీల్డ్ అని ఒక బేస్‌బాల్ మైదానం ఉంది. మనవాళ్లు చాలామంది ఆట అయ్యాక కాల్చే బాణసంచా కోసం పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్తారు. ఆడేది ఎవరో పట్టించుకోరు. ఆడేది స్పేస్ కౌబాయ్స్. మేజర్ లీగ్ క్లబ్బు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఒక్క మెట్టు కింద ఉండే జట్టు. ఆ మెట్టు పేరు ట్రిపుల్-ఏ, 2024లో దాని జాతీయ టైటిల్ గెలిచింది కూడా.

ఆస్ట్రోస్ కుర్రాళ్లు ఫేయెట్‌విల్‌లో మొదలుపెట్టి ఆష్‌విల్, కార్పస్ క్రిస్టీ మీదుగా షుగర్‌లాండ్ చేరాలి. వీటికీ కింద ఫ్లోరిడాలో, డొమినికన్ రిపబ్లిక్‌లో పసివాళ్ల జట్లు వేరే ఉన్నాయి. ఏటా జూలైలో డ్రాఫ్ట్ జరుగుతుంది. 30 క్లబ్బులు వంతులవారీగా హైస్కూళ్ల నుంచి, కాలేజీల నుంచి కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలా డబ్బున్నవాడు పాటపాడి పట్టుకుపోవడం కుదరదు. డ్రాఫ్ట్ ముగిసీ ముగియగానే పత్రికలూ అభిమానులూ ఒక్కో క్లబ్బులో ఉన్న కుర్రాళ్లందరినీ 1 నుంచి 30 దాకా మళ్లీ వరుస పెడతారు. చమురు కంపెనీలో పనిచేసి రిటైరైన తెనాలివాడికి ఈ పిచ్చేమిటని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. ఇప్పుడు మా మనవడికీ అంటుకుంది. వాడికి చెప్పినవే ఇవి.

1. సంతకం పడేదాకా పేరు ఎక్కించొద్దు

డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినంత మాత్రాన కుర్రాడు మనవాడైపోడు. 2014లో ఆస్ట్రోస్ అందరికంటే ముందు బ్రేడీ ఎయికెన్ అనే ఎడమచేతి పిచర్‌ను పిలిచింది. 65 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్షలో మోచేతి లిగమెంట్ మీద అనుమానం వచ్చి క్లబ్బు రేటు తగ్గించింది. అతను ససేమిరా అన్నాడు. జూలై 18తో గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది ఆ మోచేతికే ఆపరేషన్ జరిగింది, అతను మేజర్ లీగ్ గడప తొక్కనేలేదు. సంతకం కుదరనందుకు క్లబ్బుకు పరిహారంగా 2015లో రెండో పిలుపు దక్కింది. దాంతో తెచ్చుకున్న కుర్రాడు అలెక్స్ బ్రెగ్మన్.

2. ఎన్నో రౌండని కాదు, చేతిలో ఎంత పెట్టారో చూడాలి

2012 నుంచి బోనసులకు ఒక్కో క్లబ్బుకు ఇంతని మొత్తం కేటాయిస్తున్నారు. ఒకరి దగ్గర మిగిల్చింది ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ ఏడాది ఆస్ట్రోస్‌కు దక్కిన మొదటి పిలుపు కార్లోస్ కొరియాది. ఆ స్థానానికి కట్టిన విలువ 72 లక్షలు. అతను 48 లక్షలకే ఒప్పుకున్నాడు. మిగిలిన డబ్బు చేతిలో ఉండబట్టే 41వ పిలుపుగా వచ్చిన లాన్స్ మెకల్లర్స్‌కు 25 లక్షలు ఇవ్వగలిగారు. 2017లో ఇద్దరూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నారు. 2022లో 11వ రౌండ్‌లో పిలిచిన రయాన్ క్లిఫర్డ్‌కు 12 లక్షలకు పైనే ముట్టింది. ‘పదకొండో రౌండ్ కుర్రాడేగా’ అని 28వ స్థానంలో పడేసినవాడు డబ్బు లెక్క చూడలేదన్నమాట. క్లబ్బు మనసులోని వరుస ఆ చెక్కు మీద ఉంటుంది.

3. ఆడనివాడికి మచ్చ ఉండదు

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇది. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. డ్రాఫ్ట్ ముగిసిన వారంలో వచ్చే జాబితాలు చూడండి. కొత్తగా వచ్చిన ముగ్గురూ మొదటి అయిదులో ఉంటారు. కార్పస్ క్రిస్టీలో రెండేళ్లుగా బస్సుల్లో తిరుగుతూ, స్లైడర్‌కు స్ట్రైకవుట్ అవుతూ, మళ్లీ నేర్చుకుంటున్నవాడు ఎనిమిదికో తొమ్మిదికో జారతాడు. వాడు చెడిపోయాడా? లేదు. వాడి లోపం మనకు తెలిసింది, అంతే. కొత్తవాడి లోపం ఇంకా బయటపడలేదు. పెళ్లిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే.

నిరుడు మా మనవడు జాబితా తెచ్చాడు. పైన కొత్త కుర్రాడు, అప్పుడే హైస్కూల్ దాటినవాడు.

“వీడెందుకురా మొదట?”

“తాతయ్యా, వీడిలో తప్పేముందో చెప్పు చూద్దాం.”

“చెప్పలేను. అదే నా అభ్యంతరం.”

మార్క్ ఆపెల్ సంగతి వాడికి తెలియదు, పసివాడు. 2013లో ఆస్ట్రోస్ మొదటి పిలుపు ఆపెల్‌దే. హ్యూస్టన్‌లో పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో చదివిన పిచర్. రెండో పిలుపు క్రిస్ బ్రయంట్, చికాగో కబ్స్ తీసుకుంది. ఆపెల్ ఎత్తు, వేగం, చదువు, నడవడిక, ఒకదానికీ వంక లేదు. మైనర్ లీగ్‌లో బ్యాటర్లు అతని ఫాస్ట్‌బాల్‌ను బాదడం మొదలుపెట్టాకే వంక కనబడింది. 2015 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియాకు పంపేశారు. మధ్యలో ఆట మానేశాడు, మళ్లీ వచ్చాడు, 2022లో 30 ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌లో తొలి బంతి వేశాడు. ఆ పట్టుదలకు నేను టోపీ తీస్తాను, కానీ జాబితా వేరే విషయం. బ్రయంట్ అప్పటికే 2015లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2016లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ).

అందుకని నేను కొత్తవాణ్ని తిన్నగా వరుసలో దూర్చను. వాడిలాంటి ఆటే ఆడుతూ ఇప్పటికే డబుల్-ఏ, అంటే కార్పస్ క్రిస్టీ మెట్టు, చేరినవాణ్ని ఒకణ్ని వెతుకుతాను. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, కొత్తవాడు రెండేళ్లకు అక్కడికి చేరతాడని నమ్మకంగా అనగలనా అని చూసుకుంటాను. అనలేకపోతే వాడి స్థానం కిందే. ఈ పద్ధతి కొన్నిసార్లు దెబ్బతీస్తుంది. కామ్ స్మిత్‌ను 2024లో కబ్స్ 14వ పిలుపుగా తీసుకుంది, డిసెంబర్‌లో కైల్ టక్కర్‌కు బదులుగా ఆస్ట్రోస్‌కు వచ్చాడు. మైనర్ లీగ్‌లో 32 ఆటలు ఆడి, 2025 సీజన్ మొదటి రోజున రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డాడు. అలాంటివాడు ఒకడున్నాడని పద్ధతి మార్చుకోను.

4. వయసు పక్కన రాసుకోవాలి

కాలేజీ నుంచి వచ్చేవాడికి 21, హైస్కూల్ నుంచి వచ్చేవాడికి 18. ఒకే ఫేయెట్‌విల్ మైదానంలో ఇద్దరూ ఒకేలా కొడుతుంటే ఇద్దరూ సమానం కాదు. పేరు పక్కన వయసు లేని జాబితాను నేను చదవను.

5. ఆ అంకెలు ఏ ఊళ్లోవో కనుక్కోవాలి

ఆష్‌విల్‌లో మెకార్మిక్ ఫీల్డ్ అని పాత మైదానం ఉంది. అక్కడ కుడిపక్క గోడ 300 అడుగుల దూరం కూడా లేదు. ఎత్తుగా కట్టారు గానీ, ఎడమచేతి బ్యాటర్లకు అది వరమే. అలాగే షుగర్‌లాండ్ జట్టు ఆడే లీగ్‌లో ఆల్బకర్కీ, రీనో లాంటి ఎత్తు ప్రదేశాలున్నాయి. అక్కడి పల్చటి గాలిలో బంతి ఆగదు, కర్వ్‌బాల్ తిరగదు. ఆల్బకర్కీలో అయిదు పరుగులిచ్చిన పిచర్‌ను చూసి పెదవి విరిచేముందు ఆ ఊరి ఎత్తెంతో చూడండి. డ్రాఫ్టయిన వేసవిలో కాలేజీ బ్యాటర్లు ఆడే నెల రోజుల ఆట అంకెలనైతే నేను కన్నెత్తి చూడను. ఫిబ్రవరి నుంచి ఆడుతూ అలిసిపోయి ఉంటారు పాపం.

6. కళ్లతో చూడగలిగినప్పుడు చూడాలి

స్కౌట్లు ఒక్కో నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే మేజర్ లీగ్ సగటు. బ్యాటింగ్, బలం, పరుగు, విసురు, ఫీల్డింగ్, ఈ అయిదింటికీ. మనకు అంత శిక్షణ లేదు గానీ, మైనర్ లీగ్‌లో టికెట్ చవక, కూర్చునే చోటు దగ్గర.

నేను ఫస్ట్ బేస్ వైపు కూర్చుంటాను. కుడిచేతి బ్యాటర్ ముఖం అటే ఉంటుంది, చేతులు బాగా కనబడతాయి. రెండు స్ట్రైకులు పడ్డాక చూడాలి వాణ్ని. పిచర్ స్లైడర్‌ను దూరంగా, నేలబారుగా వేస్తాడు. ముందు భుజం తెరుచుకుని నడుం లాగేసి గాల్లో ఊపినవాడు ఒక రకం. ముందు మోకాలు బిగించి, చేతులు వెనకే ఆపి, బంతిని వదిలేసి, బ్యాట్‌తో బూట్లు తట్టుకున్నవాడు ఇంకో రకం. ఇద్దరి సగటూ ఆ రోజు పేపర్లో 250 అనే ఉండొచ్చు. రెండోవాడి పేరు పక్కన నేను చిన్న టిక్కు పెట్టుకుంటాను.

షార్ట్‌స్టాప్‌నైతే బంతి కొట్టాక చూడొద్దు, కొట్టకముందు చూడాలి. పిచర్ చెయ్యి ముందుకొచ్చే క్షణంలో మంచివాడు చిన్న గెంతు గెంతి రెండు పాదాల మీద దిగుతాడు. జెరెమీ పెన్యాకు ఆ అలవాటు రక్తంలో ఉంది, తండ్రి కూడా మేజర్ లీగ్‌లో ఆడినవాడే. 2018లో మెయిన్ యూనివర్సిటీ నుంచి మూడో రౌండ్‌లో వచ్చాడు. ఫీల్డింగ్ ఉంది, బ్యాటింగ్ సంగతి చూడాలి అనేవారు. 2021లో మణికట్టు ఆపరేషన్ అయ్యాక సీజన్ చివర్లో మా షుగర్‌లాండ్‌లో ఆడాడు, కొన్ని వారాలే. మరుసటి ఏడాది కొరియా ఖాళీ చేసిన చోట నిలబడి, మొదటి సీజన్‌లోనే వరల్డ్ సిరీస్ ఎంవీపీ అయ్యాడు. బ్యాట్ పలకని వారాల్లో కూడా ఫీల్డింగ్ వాణ్ని జట్టులో నిలబెడుతుంది. జాబితా రాసేవాళ్లు హోమ్ రన్‌లకిచ్చే విలువలో సగమైనా దానికివ్వరు.

యంత్రాలంటే నాకు పగ లేదు. 2023 నుంచి ట్రిపుల్-ఏ ఆటల్లో బ్యాట్ తగిలిన బంతి ఎంత వేగంగా పోయిందో అందరికీ కనబడుతోంది. మహా ఉపయోగం. మోకాలు బిగించాడా లేదా అన్నది మాత్రం అందులో ఇంకా చెప్పడం లేదు.

7. పిచర్లకు సగం నమ్మకమే

ఫారెస్ట్ విట్లీని 2016లో మొదటి రౌండ్‌లో తీసుకున్నారు. ఏళ్ల తరబడి ఆస్ట్రోస్ జాబితాల్లో మొదటి పేరు అతనిదే. గాయం మీద గాయం. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి 2024 వచ్చింది. 2017 ఆగస్టు 31 రాత్రి జస్టిన్ వర్లాండర్‌ను తెచ్చుకోవడానికి డెట్రాయిట్‌కు ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చారు. వాళ్లలో గొప్పగా చెప్పుకున్నది ఫ్రాంక్లిన్ పెరెజ్ అనే పిచర్ని. భుజం నొప్పులు అతన్ని ఎదగనివ్వలేదు. ఆ ముగ్గురిలో నిలదొక్కుకున్నది జేక్ రాజర్స్ అనే క్యాచర్. నా మొదటి అయిదులో పిచర్లు ఇద్దరికి మించరు.

8. పదివేల డాలర్లవాళ్లని మరవొద్దు

ప్రత్యర్థి క్యాచర్ల సంకేతాలు దొంగిలించిన కేసులో ఆస్ట్రోస్‌కు 2020, 2021 డ్రాఫ్టుల్లో మొదటి రెండు రౌండ్లూ పోయాయి, 50 లక్షల డాలర్ల జరిమానా పైన. చేసిన పనికి అది తక్కువే అంటాను నేను. కుర్రాళ్ల జాబితా బక్కచిక్కిపోయింది, ఈ క్లబ్బు పనైపోయిందన్నారు. 2022లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సిరీస్‌లో రెండు ఆటలు గెలిపించిన ఫ్రాంబర్ వాల్డెజ్‌కు 2015లో ఇచ్చిన బోనస్ 10 వేల డాలర్లు. డొమినికన్‌లో 16 ఏళ్లకే సంతకాలు జరుగుతుంటే అతనికి అప్పటికే 21. నాలుగో ఆటలో ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆరు ఇన్నింగ్స్ వేసిన క్రిస్టియన్ హావియర్‌కూ పదివేలే. హొసే ఆల్టువేనైతే పొట్టివాడని వెనెజువెలాలో సెలెక్షన్ శిబిరం నుంచి మొదట పంపించేశారు. మర్నాడు మళ్లీ వచ్చి నిలబడితే 15 వేలకు తీసుకున్నారు. వీళ్లెవరూ డ్రాఫ్ట్ గుండా రాలేదు. డ్రాఫ్ట్ సందడిలో జూలై జాబితాల్లో మొదట మాయమయ్యేవి ఇలాంటి పేర్లే.

9. నెలాఖరు దాకా ఆగితే రెండు జాబితాలు రాసే పని తప్పుతుంది

డ్రాఫ్ట్ అయిన రెండు మూడు వారాలకే ట్రేడ్ల గడువు. కొత్తగా సంతకం పెట్టినవాణ్ని వరల్డ్ సిరీస్ ముగిసేదాకా ట్రేడ్ చేయకూడదు. కాబట్టి వెళ్లేది పాతవాళ్లే. 2022లో తీసుకున్న డ్రూ గిల్బర్ట్, పైన చెప్పిన క్లిఫర్డ్, ఇద్దరూ 2023 ఆగస్టులో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లారు, వర్లాండర్‌ను రెండోసారి తెచ్చుకోవడానికి. మన జాబితానే కాదు, అవతలి క్లబ్బుల జాబితాల అడుగు భాగం కూడా చదవాలి. 2016 ఆగస్టు 1న జాష్ ఫీల్డ్స్ అనే రిలీఫ్ పిచర్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చి, వాళ్ల తరఫున ఒక్క ఆటైనా ఆడని క్యూబా కుర్రాణ్ని తెచ్చారు. అతనే యోర్డాన్ ఆల్వరెజ్.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. కొన్నేళ్లు గడిచాక కుర్రాణ్ని 40 మంది జాబితాలో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. 1999లో ఆస్ట్రోస్ అలా వదిలేసిన ఒక వెనెజువెలా పిచర్ మిన్నెసోటా చేరి ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు రెండుసార్లు గెలిచాడు. పేరు జొహాన్ సాంటానా. హ్యూస్టన్‌లో ఆ పేరెత్తితే మా వయసువాళ్లు ఇప్పటికీ మాట మార్చేస్తారు.

10. గీతలు గీసుకోవాలి, చివరి స్థానం మాత్రం సొంతానికి ఉంచుకోవాలి

మూడుకీ నాలుగుకీ మధ్య అగాధం ఉండొచ్చు. పద్నాలుగు నుంచి ఇరవై ఏడు దాకా తేడా దాదాపు ఉండదు, తారుమారు చేసినా నష్టం లేదు. అందుకే నేను తేడా ఉన్నచోట అడ్డగీత గీస్తాను. నాలుగు గుంపులు తేలతాయి. గుంపు మారినప్పుడే వాదన, గుంపు లోపలైతే మీ ఇష్టం.

ముప్ఫయ్యో స్థానం మీద మాత్రం ఏ నియమమూ లేదు. మా మనవడు అక్కడ ఫేయెట్‌విల్‌లో తొమ్మిదో నంబర్‌లో దిగే క్యాచర్ని పెట్టాడు. ఏ పత్రికలోనూ లేని పేరు.

“వాడికి ఇరవై మూడేళ్లురా. నాలుగో పాఠం చదవలేదా?”

“చదివాను. రెండో బేస్ దొంగిలించబోయినవాళ్లని వరసపెట్టి పట్టేస్తున్నాడు తాతయ్యా. ఆరో పాఠం నువ్వు చదివావా?”

ఆ క్యాచర్ షుగర్‌లాండ్ దాకా రాడని నేనూ, వస్తాడని వాడూ బిర్యానీ పందెం కాసుకున్నాం.