డేరాలో కుంపటి పెట్టవచ్చా?

సంక్రాంతి సెలవులు దగ్గరకు వస్తున్నాయి. మనలో చాలామంది చింతపల్లి, పాడేరు, అరకు వైపు బస్సెక్కుతాం. అదే రోజుల్లో విశాఖపట్నం నుండి టూరిస్టులు కూడా మన కొండలకే వస్తారు. వాళ్లు చలి చూడడానికి వస్తారు. మనం ఆ చలిలోనే పుట్టాం. అందుకని ఈసారి గోడ పత్రికకు చలి గురించి, డేరా గురించి, డేరాలో నిప్పు గురించి రాస్తున్నాను. కాస్త పెద్దగా ఉంటాది గానీ చివరి వరకు చదవండి. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

లంబసింగిలో అంత చలి ఎందుకు?

లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. సముద్ర మట్టానికి ఇంచుమించు 1000 మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు కూడా ఉంది. రాత్రి బయట ఉండిపోయినవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. సోషల్ పుస్తకంలో 1000 మీటర్లు పైకి వెళ్తే దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుందని చదివాం. మరి లెక్క వేయండి. గోపాలపట్నంలో రాత్రి 18 డిగ్రీలు ఉందనుకుంటే లంబసింగిలో 11 లేదా 12 ఉండాలి. కానీ కొన్ని తెల్లవారుజాములు 5 కంటే కిందికి దిగిపోతాది. మిగతా చలి ఎక్కడ నుండి వచ్చింది?

రాత్రి ఆకాశంలో మబ్బు లేకపోతే నేల తన వేడిని వికిరణం ద్వారా పైకి వదిలేస్తుంది. నేలను అంటుకున్న గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు. అది నీళ్ల లాగే వాలు మీద నుండి జారి పల్లంలో నిలిచిపోతుంది. కాబట్టి డేరా వేసేవాళ్లు అన్నిటికన్నా పల్లంలో వేయకూడదు. గాలి కొట్టే కొండ నెత్తి మీద కూడా వద్దు. వాలు మీద కొంచెం పైన, చదునుగా ఉన్న చోటు మంచిది. మన పెద్దవాళ్లు ఇల్లు కట్టుకునే చోటు చూస్తే ఈ సంగతి తెలుస్తాది.

పొయ్యి డేరా అంటే ఏమిటి?

మంచు దేశాలలో చలికాలం అడవికి వెళ్లేవాళ్లు మందమైన కాన్వాసు డేరా వేసి, లోపల రేకు పొయ్యి పెట్టి, పొగగొట్టాన్ని డేరా గుడ్డలోంచి బయటికి తీస్తారు. దీనినే నేను పొయ్యి డేరా అంటున్నాను. ఇది కొత్త సంగతి కాదు. అమెరికా సైన్యంలో సిబ్లీ అనే అధికారి 1856లో గుండ్రని శంఖం ఆకారపు డేరాకు పేటెంటు తీసుకున్నాడు. దాంట్లో పన్నెండు మంది దాకా పడుకునేవారు. మధ్యలో పొయ్యి. అక్కడి ఆదివాసుల గుడారాలు చూసే దానిని తయారు చేశాడని చెబుతారు. ఆ ఆదివాసుల గుడారానికి పైన రెండు చెవుల లాంటి రెక్కలు ఉండేవి. గాలి ఎటు వీస్తే దానికి తగ్గట్టు కర్రలతో ఆ రెక్కలు తిప్పి పొగను బయటికి పంపేవాళ్లు. మంగోలియా వాళ్ల గుండ్రని ఇంటికి కూడా పైన నడిమిన పొగ పోయే కన్నం ఉంటుంది.

చూశారా, నిప్పును లోపల పెట్టుకున్న వాళ్లందరూ ముందు పొగకు దారి పెట్టారు. తరవాతే నిప్పు పెట్టారు.

మా మావ డేరాలు

మా మావ చలికాలంలో టూరిస్టులకు డేరాలు అద్దెకు ఇస్తాడు. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు. అందుకని సంచి మీద, డబ్బా మీద ఏం రాసి ఉన్నా చదవమని నాకే ఇస్తారు. పోయిన సెలవుల్లో డేరా సంచికి లోపల కుట్టిన చిన్న ముక్క చూపించి, "ఏటి రాసుందమ్మా?" అన్నాడు. ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివాను. గుడ్డ పాలిస్టరు అని, నిప్పుకు దూరంగా ఉంచాలని ఉంది.

ఆ రాత్రే కొందరు టూరిస్టులు వచ్చి, "చలి ఆగడం లేదు, కుంపటి డేరాలో పెట్టండి, డబ్బులు ఎక్కువ ఇస్తాం" అన్నారు. మావ నా వైపు చూశాడు. నేను ముక్క మీద రాసింది మళ్లీ చెప్పాను. మావ వాళ్లతో, "బాబూ, నిప్పు బయటే. కావాలంటే ఇంకో రెండు రగ్గులు ఇస్తాను" అన్నాడు. వాళ్లకు కోపం వచ్చి వేరే డేరాలకు వెళ్లిపోయారు. మావకు ఆ రాత్రి డబ్బులు పోయాయి. అత్త రెండు రోజులు ముఖం ముడుచుకుంది. అందుకే సెలవులు అయ్యాక మా సైన్సు మాస్టారిని అడిగి, లైబ్రరీ పుస్తకాలు చూసి, మావ చేసింది ఎందుకు సరైనదో వివరంగా తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

పొగ లేని నిప్పు మంచిదా?

అందరూ అనుకునేది ఏమిటంటే, కట్టె పొగ వస్తాది కాబట్టి చెడ్డది, బొగ్గు నిప్పులకు పొగ ఉండదు కాబట్టి మంచిది అని. ఇది తప్పు. బొగ్గుకు గాలి బాగా అందితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుంది గదా. ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటు ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, తరవాత మత్తు. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. నిద్ర నుండి లేవడు. ఉత్తర భారతదేశంలో చలికాలం వస్తే మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయిన వాళ్ల వార్తలు పేపర్లలో వస్తూ ఉంటాయి.

2020 మే 7న తెల్లవారుజామున మన గోపాలపట్నం పక్కనే వెంకటాపురంలో స్టైరీన్ వాయువు ఫ్యాక్టరీ నుండి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు. అప్పుడు నేను కొండ మీద చిన్న తరగతిలో ఉన్నాను. ఇక్కడి వాళ్లకు ఆ సంగతి ఇంకా మర్చిపోలేనిదే. స్టైరీన్‌కు వాసన ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కు అది కూడా లేదు. ఇంక దానిని ఎలా పసిగడతాం?

ఇదే వాయువు మన విశాఖ స్టీల్ ప్లాంటులో పని కూడా చేస్తుంది. బ్లాస్టు ఫర్నేసులో కోకు బొగ్గు నుండి పుట్టి, ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసి ఇనుమును విడదీస్తుంది. అలాంటి చోట్ల పనివాళ్లకు గ్యాస్ కనిపెట్టే పరికరాలు ఇస్తారు. వెనకటికి ఇంగ్లండులో బొగ్గు గనుల్లోకి పంజరంలో కానరీ పిట్టను తీసుకెళ్లేవారు. పిట్ట పడిపోతే మనుషులు పరుగెత్తేవారు. పిట్టల బదులు పరికరాలు పెట్టాలని అక్కడ 1986లో నిర్ణయించారు. ఫ్యాక్టరీలో, గనిలో ఇంత జాగ్రత్త పడుతుంటే, చిన్న డేరాలో ఏ జాగ్రత్తా లేకుండా కుంపటి పెట్టడం ఏమిటి?

మా తాతల ఇంట్లో ఏమీ కాలేదే?

ఈ ప్రశ్న మా అత్త వేసింది. మంచి ప్రశ్న. మన గడ్డి ఇంట్లో పొయ్యి ఇంట్లోనే, రాత్రంతా నిప్పులు ఉంటాయి. కానీ ఆ ఇంటికి గోడకూ కప్పుకూ మధ్య సందు ఉంటుంది. గడ్డిలోంచి కూడా పొగ పైకి పోతుంది. ఇల్లే గాలి పీల్చుకుంటుంది. ఇప్పుడు స్లాబు ఇళ్లు వచ్చాయి. కిటికీ తలుపులు బిగుసుకుంటాయి. ముసలివాళ్లకు అలవాటు పోదు, మంచం కింద నిప్పుల చట్టి పెట్టుకుంటారు. నిప్పు పాతదే, ఇల్లు మారింది. నైలాను డేరా అయితే స్లాబు గది కంటే చిన్నది. కాబట్టి ఈ పాఠం టూరిస్టులకే కాదు, మన ఇళ్లకు కూడా.

ఇంకో మాట. ఈ వాయువు గాలి కంటే కొంచెం తేలిక, అంతే. అందుచేత అంతటా కలిసిపోతుంది. కింద పడుకుంటే తగలదు, పైన కన్నం ఉంటే చాలు అనుకోకూడదు.

పొయ్యి డేరా కొనేవాళ్లు చూడవలసినవి

1. గుడ్డ. నూలు కాన్వాసు అయితే నిప్పురవ్వ పడితే మాడి కన్నం పడుతుంది. నైలాను, పాలిస్టరు కరిగి ఒంటికి అంటుకుంటాయి. అనుమానం ఉంటే కుట్టు అంచు నుండి ఒక్క పోగు తీసి బయట వెలిగించి చూడండి. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే నూలు. పూసలా ముద్ద కడితే నైలాను లేదా పాలిస్టరు. దానిలో పొయ్యి వద్దు. నూలు కూడా కాలుతుంది, మర్చిపోవద్దు.

2. కాన్వాసు నుండి మన ఊపిరి తేమ బయటికి పోతుంది. నైలానులో అయితే తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా మీద పడతాది. కాన్వాసు తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. కొత్త డేరాను ఒకసారి తడిపి, ఆరబెట్టి వాడితే కుట్ల కన్నాలు బిగుస్తాయి.

3. బరువు. నలుగురు పట్టే కాన్వాసు డేరా 20 కిలోలు దాటవచ్చు. జీపు వెళ్లే చోటికి సరే. కొండ ఎక్కి మోసేది ఎవరో ముందు ఆలోచించాలి. మోసేది మనమే గదా.

4. పొగగొట్టం వెళ్లే చోట నిప్పుకు తట్టుకునే గుడ్డ కుట్టి ఉండాలి. గొట్టం డేరా కొప్పు కంటే ఎత్తుగా, చివర రవ్వలు ఆపే జాలీతో ఉండాలి.

5. గాలి లోపలికి రావడానికి కింద ఒకటి, బయటికి పోవడానికి పైన ఒకటి, రెండు దారులు ఉండాలి. చలి అని వాటిని మూయకూడదు.

6. పొయ్యి చుట్టూ ఒక మీటరు వరకు పక్క గాని, బట్టలు గాని, గడ్డి గాని ఉండకూడదు. పొయ్యి కింద మట్టి లేదా ఇసుక ఉండాలి. పక్కన బకెట్ నీళ్లు.

7. ఎండిన కట్టె మాత్రమే వాడాలి. పచ్చి కట్టె వాడితే గొట్టంలో జిగురు మసి పేరుకుని దారి మూసుకుపోతుంది. పచ్చి చెట్టు నరకవద్దు.

8. అందరూ పడుకునే ముందు నిప్పు పూర్తిగా ఆర్పాలి. నిప్పు ఉంటే ఒకరు మెలకువగా కూర్చోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టి మోగే చిన్న అలారం దొరుకుతుంది. పొయ్యి కొన్నవాళ్లు అది కూడా కొనాలి.

9. తడి డేరాను మడవకూడదు. బూజు పట్టి గుడ్డ చీకిపోతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, మన కొండలకు పొయ్యి డేరా అవసరం లేదు. అది నెలల తరబడి మంచు కురిసే దేశాల కోసం. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 సంవత్సరాల 11 నెలలు. మనలాగే ఆదివాసీ, మనలాగే గురుకులంలో తొమ్మిదో తరగతి. అంత మంచులో కూడా పర్వతారోహకులు పడుకునేది పొయ్యి వేడితో కాదు, మందమైన పక్క సంచిలో తమ ఒంటి వేడితో. ఎవరెస్టులో సరిపోయింది లంబసింగిలో సరిపోదా?

నిప్పు లేకుండా వెచ్చగా ఉండే పద్ధతి

కప్పుకునే దుప్పటి కంటే కింది పక్క ముఖ్యం. ఉష్ణవహనం వల్ల నేల మన వేడిని లాగేస్తుంది. ముందు బరకం, దాని మీద మందంగా ఎండు గడ్డి, దాని మీద బొంత వేయాలి. తలకు, పాదాలకు గుడ్డ చుట్టాలి. వేడి నీళ్లు సీసాలో పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. పడుకునే ముందు వేడి చోడి అంబలి తాగాలి. చలిమంట డేరాలకు దూరంగా, రవ్వలు డేరాల మీదికి ఎగరని వైపున వేసుకోవాలి. కాచుకోండి, పాడుకోండి, తరవాత ఆర్పి పడుకోండి.

ఎవరైనా లోపల మత్తుగా పడి ఉంటే డేరా అంతా తెరిచి, వెంటనే బయట గాలిలోకి లాగాలి. 108కి ఫోను చేయాలి. తెలివిలేని మనిషికి నీళ్లు, టీ పోయకూడదు. తలనొప్పే కదా అని మళ్లీ లోపల పడుకోనివ్వకూడదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాలి. కొండ మీద ఫోను సిగ్నలు అందదు కాబట్టి దగ్గరలో జీపు ఎవరికి ఉందో ముందే తెలిసి ఉండాలి.

అక్కలారా, చెల్లెళ్లారా! ఒక్క మావ కుంపటి వద్దంటే టూరిస్టు పక్క డేరాకు పోతాడు. ఊళ్లో అందరూ వద్దంటే ఎక్కడికి పోతాడు? మన వాళ్లు చాలామంది చదవలేరు, కానీ చెబితే వింటారు. సెలవులకు వెళ్లినప్పుడు ప్రతి ఒక్కరూ మూడు ఇళ్లకైనా చెప్పండి. డేరా సంచి మీద ఏం రాసి ఉందో చదివి వినిపించండి. తెలుగులో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "డేరాలో నిప్పు వద్దు" అని రాసి గుంజకు కట్టండి.

ఆలోచించి జవాబులు రాయండి:

1. కట్టె పొగ కంటే బొగ్గు కుంపటి ఎందుకు ఎక్కువ మోసం చేస్తుంది?
2. డేరాను పల్లంలో ఎందుకు వేయకూడదు?
3. మీ ఇంట్లో పొగ ఎటు నుండి బయటికి పోతుంది? సెలవుల్లో చూసి వచ్చి చెప్పండి.

జవాబులు పొంగలు తరవాత పత్రిక పక్కన అంటిస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని