పాత స్పోర్ట్స్ బండి కొంటున్నారా? బయానా ఇచ్చేముందు ఇంజను చూడండి

ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే ఇంట్లో కుర్రాడు బండి మాట ఎత్తుతాడు. కొత్తది కొనే స్తోమత ఉండదు కాబట్టి పాతదే గతి. అందులోనూ మామూలు వంద సీసీ బండి వద్దు, యమహా ఆర్‌15 లాంటిదే కావాలని పట్టుబడతాడు. 2008లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఈ బండి పట్నాల్లో యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగి ఇప్పుడు పల్లెలకు చేరుతోంది. రంగు, స్టిక్కర్లు బాగానే ఉంటాయి. లోపల ఇంజను ఏ స్థితిలో ఉందన్నది చూడకుండా బేరం కుదుర్చుకుంటే, ఎకరం, రెండెకరాల రైతుకు ఆ ఏడు పంటలో మిగిలింది కాస్తా గ్యారేజీ పాలవుతుంది.

అరవై వేల కిలోమీటర్లంటే ఎంత అరుగుదలో పంపుసెట్టు లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగం అనుకుంటే అది 1500 గంటల పని. కాలవ గట్టున పెట్టే 5 హార్స్‌పవర్ ఆయిలింజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మొదట వచ్చిన ఆర్‌15 ఇంజను తన పూర్తి శక్తి, అంటే 17 హార్స్‌పవర్, ఇచ్చేది నిమిషానికి 8500 చుట్ల దగ్గర. ఈ బండిలో పిస్టను ఒక్కో చుట్టుకు 58.7 మిల్లీమీటర్లు పైకి, అంతే కిందికి కదులుతుంది. లెక్క కడితే నిమిషంలో దాదాపు ఒక కిలోమీటరు దూరం బోరు గోడను రాసుకుంటూ తిరుగుతుందన్నమాట. 110 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న పంపుసెట్టు ఇంజనులో ఇది 330 మీటర్లే. పిస్టనుకూ గోడకూ మధ్య ఉండేది పల్చటి ఆయిలు పొర ఒక్కటే. ఆ పొర చెడితే లోహం లోహాన్ని తింటుంది.

చల్లగా ఉన్న ఇంజనునే చూడండి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. ముందే స్టార్టు చేయవద్దని ఫోనులో చెప్పి మరీ వెళ్ళండి. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడండి. అప్పటికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు టకటక కొట్టి, వేడెక్కాక తగ్గే శబ్దం పిస్టను, బోరు మధ్య సందు పెరిగిందనటానికి గుర్తు. వేడెక్కాక, ఎక్సలేటరు ఇచ్చేకొద్దీ లోపల్నుంచి దబదబ మని బరువుగా వినిపిస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోయిందనుకోవాలి. అటువంటి బండిని ఎంత తక్కువకిచ్చినా ముట్టుకోకపోవడం మంచిది. క్రాంకు దాకా ఇంజను మొత్తం విప్పాలి. మెకానిక్కులు ఫుల్ ఇంజను పని అనేది దీన్నే.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. ఎక్సలేటరు ఇచ్చినప్పుడల్లా నీలంరంగు పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగి ఆయిలు మండుతోంది. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రం ఒక్క దమ్ము నీలంపొగ వచ్చి ఆగిపోతే చాలావరకు వాల్వు సీళ్ళు గట్టిపడి ఉంటాయి. ఇది చిన్న పనే. చలికాలం ఉదయాన కాసేపు కనిపించే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు. కానీ ఇంజను కాగిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుండా, డబ్బాలో కూలెంటు తగ్గుతూ ఉంటే హెడ్డు గ్యాస్కెట్టు లీకై నీరు లోపలికి పోతోంది. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉన్నా నీళ్ళు కలిసినట్టే.

ఇంకా అనుమానం తీరకపోతే మెకానిక్కు చేత కంప్రెషను గేజి పెట్టించండి. రీడింగు తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూడమనండి. రీడింగు పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉంది. పెరగకపోతే వాల్వుల్లో ఉంది. పది నిమిషాల పని, దీనికి ఇచ్చే కూలి ఏమంత కాదు.

మీటరును మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. మీటరు మార్చవచ్చు. కాలు పెట్టే రాడ్ల రబ్బర్లు, గేరు లివరు కొన, బ్రేకు డిస్కు అంచు, చైను పళ్ళచక్రం చూడండి. పళ్ళు కొక్కేల్లా వంగి ఉండి మీటరు ఇరవై వేలే చూపిస్తుంటే ఏది నిజమో మీకే తెలుస్తుంది.

బోరు కొట్టించే బండి కాదు

స్ప్లెండర్ లాంటి బండికి బోరు అరిగితే లేతు షాపులో బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టను వేసుకోవడం మన వాళ్ళకు అలవాటే. ఆర్‌15లో ఆ వీలు లేదు. దాని సిలిండరులో ఇనుప స్లీవు ఉండదు. అల్యూమినియంలో సిలికాన్ కలిపి పోసిన బ్లాకు అది. కంపెనీ వారు దీనిని డయాసిల్ అంటారు. గట్టిది, వేడి త్వరగా వదులుతుంది, సక్రమంగా చూసుకుంటే చాలాకాలం మన్నుతుంది. కానీ గీతలు పడ్డాయంటే బ్లాకు, పిస్టను, రింగులు కలిపి మార్చుకోవాల్సిందే. ఇనుప స్లీవు కొట్టి ఇస్తామని కొందరు లేతు వాళ్ళు అంటారు. వేడికి ఇనుము ఒకలా, అల్యూమినియం ఒకలా సాగుతాయి. కొలత ఏమాత్రం తప్పినా మళ్ళీ పట్టేస్తుంది. గీతలు పడ్డ పాత బ్లాకులోనే కొత్త రింగులు వేయించడం కూడా డబ్బు దండగే.

అందుకే బేరమాడేముందు బ్లాకు కిట్టు, గ్యాస్కెట్లు, టైమింగ్ చైను, క్లచ్ ప్లేట్లు, చైను సెట్టు, కూలీ కలిపి ఎంతవుతుందో పట్నంలో స్పేర్ పార్టుల దుకాణంలోను, మెకానిక్కు దగ్గరా కాగితం మీద రాయించుకోండి. బండి 50 వేలు చెప్పారనుకోండి. పని 15 వేలని తేలితే ఆ బండి మీకు పడేది 65 వేలు. ఆ కాగితం చూపించి బేరమాడండి. దిగకపోతే లేచి వచ్చేయండి. బళ్ళకు కరువు లేదు.

కొన్న తర్వాత

అన్నిటికన్నా చవకైన మందు ఆయిలు. లీటరు 500 రూపాయలు, 2500 కిలోమీటర్లకోసారి మార్పు అనుకుంటే కిలోమీటరుకు 20 పైసలు పడుతుంది. పెట్రోలు లీటరు 110, మైలేజి 40 అనుకుంటే కిలోమీటరుకు 2 రూపాయల 75 పైసలు. పెట్రోలుకు అంత పోసేవాడు ఆయిలు దగ్గర బేరమాడటం ఏం లెక్కో అర్థం కాదు!

ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు మిగిలిందని బండికి పోయవద్దు. మోటారు సైకిలు క్లచ్చి ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. అందుకు తగిన ఆయిలు డబ్బా మీద జాసో ఎం.ఎ. అనే గుర్తు ఉంటుంది. అది లేని ఆయిలు పోస్తే ప్లేట్లు జారిపోయే ప్రమాదముంది. బండి అరుస్తుంది గాని ముందుకు పోదు.

పాత ఇంజను కాస్త ఆయిలు తాగటం మామూలే. ప్రమాదమల్లా అది చూసుకోకపోవడంలోనే ఉంది. లోపల ఉండేది సుమారు ఒక లీటరు. 500 కిలోమీటర్లకు పావులీటరు తాగే బండి వెయ్యి తిరిగేసరికి సగం ఖాళీ. ఆ స్థితిలో హైవే మీద లాగిస్తే ఇంజను పట్టేస్తుంది, వెనక చక్రం బిగిసి మనిషి కింద పడవచ్చు. వారానికోసారి, సమతలం మీద బండిని నిటారుగా నిలిపి ఆయిలు మట్టం చూడండి. పావులీటరు చొప్పున తాగుతుంటే పని దగ్గర పడ్డట్టే, వాయిదా వేయవద్దు.

దుమ్ము సంగతి పట్నం వాళ్ళకు తెలియదు, మనకు తెలుసు. వరి కోతలప్పుడు, నూర్పిళ్ళప్పుడు డొంకల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును మాన్యువల్లో రాసిన గడువుకన్నా ముందే విప్పి చూడాలి. పికప్పు పెరుగుతుందని కొందరు కుర్రాళ్ళు ఫిల్టరు తీసేసి నడుపుతారు. ఇసుకపొడి నేరుగా బోరులోకి పోతుంది. బోరును అంతకన్నా త్వరగా పాడుచేసే మార్గం ఇంకొకటి లేదు.

రేడియేటరు రెక్కల్లో బురద, గడ్డిపోచలు ఇరుక్కుంటే సన్నటి ధారతో కడగండి. గట్టిగా కొడితే రెక్కలు వంగుతాయి. కూలెంటు తగ్గిందని బోరునీళ్ళు పోయవద్దు. నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లపొర పట్టినట్టే రేడియేటరు లోపలా పడుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు, సలసల కాగే నీళ్ళు ముఖాన కొడతాయి.

ఈ బండి మీద యూరియా బస్తా వేసుకు రావాలనుకుంటే మాత్రం ముందే మానుకోండి. 45 కిలోల బస్తాకు అక్కడ చోటే లేదు. వెనక ఎలాగో కట్టి చిన్న గేర్లలో సగం క్లచ్చి మీద లాగితే ప్లేట్లు మాడిపోతాయి. ఇంట్లో బరువులు మోయటానికి కూడా ఇదే బండి అనుకుంటే వంద సీసీదే నయమని కుర్రాడికి నచ్చజెప్పండి.

బ్లాకు మార్పించాల్సి వస్తే పాత పిస్టను, రింగులు, బ్లాకు మీ చేతికి ఇమ్మనండి. కొత్త సామాను డబ్బా మీ ఎదుటే విప్పమనండి. పని పూర్తయ్యాక మొదటి 500 కిలోమీటర్లకే ఆయిలు మార్చండి, లోపల రాలిన లోహపు పొడి దానితో బయటకు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా వేగం మితంగా ఉంచి, వెనక ఎవర్నీ ఎక్కించుకోకుండా నడపమని తాళం ఇచ్చేటప్పుడే కుర్రాడికి చెప్పండి.