కుర్చీ వదలకుండా పోటీకి వెళ్ళు

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. సెలూన్‌లో పని చేసుకుంటూనే హెయిర్ స్టైలింగ్ పోటీలకు వెళ్తానన్నావు. చాలా సంతోషం. ఆడపిల్లకి ఈ కత్తెర పనేమిటని నాన్న అన్నాడని బాధపడ్డావు. అన్నయ్యతో నేను మాట్లాడతాను. క్షౌరపు కత్తుల పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఏడాదికోసారి కళ్ళంలో కొలిచిన గింజలతో సంసారం ఈదిన మనిషి మీ తాతయ్య. ఆయన పడ్డ మాటలన్నీ నాన్న పక్కనుండి విన్నాడు. అవి నీదాకా వస్తాయేమోనన్నదే నాన్న భయం. దాన్ని కోపం అనుకోకు.

ముందు వయసు లెక్క చూసుకో. వరల్డ్ స్కిల్స్ పోటీల్లో హెయిర్ డ్రెస్సింగ్ ఒక విభాగం. పోటీ జరిగే ఏడాదికి 22 ఏళ్ళు దాటకూడదు. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగింది. 2028లో జరగబోయేది జపాన్‌లోని ఐచిలో. నీకిప్పుడు పంతొమ్మిది, అంటే టైముంది. ఇక్కడి నుంచి వెళ్ళాలంటే ఇండియా స్కిల్స్‌లో గెలుచుకుంటూ రావాలి. ఆ వయసు దాటాక కూడా ఫోటోలు చూసి బహుమతులిచ్చే పోటీలుంటాయి, కంపెనీలు పెట్టేవీ ఉంటాయి. కాబట్టి కంగారు పడకు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పోటీలో నీ ముందుండేది ఎక్కువగా డమ్మీ తల. మెడ తిప్పదు, చెమట పట్టదు, ఫోన్ మాట్లాడదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఇంటికెళ్ళి తలంటుకోదు. నీ చేతిలోంచి వెళ్ళిన జుట్టు మూడో రోజు ఎలా ఉందో అది ఎప్పటికీ చెప్పదు. అది చెప్పేది నీ కుర్చీలో కూర్చునే గిరాకీనే. పోటీల మీద ధ్యాసలో పడి కుర్చీ మానేసిన పిల్లల్ని చూశాను. చెయ్యి బాగా తిరుగుతుంది కానీ కొత్త ఆలోచన పుట్టదు.

లండన్‌లో విడాల్ ససూన్ అనే హెయిర్ డ్రెస్సర్ 1954లో సొంత సెలూన్ తెరిచాడు. అప్పట్లో అక్కడి ఆడవాళ్ళు వారం వారం వచ్చి రోలర్లు చుట్టించుకుని, వేడిగాలి టోపీ కింద కూర్చుని, స్ప్రేతో జుట్టు బిగించుకుని వెళ్ళేవాళ్ళు. తలస్నానం చేస్తే అదంతా పోయేది. కడిగి విదిలిస్తే చాలు, జుట్టు దానంతటదే తన చోట పడేలా కత్తిరించాలని అతను పట్టుబట్టాడు. నటి నాన్సీ క్వాన్ పొడుగు జుట్టును బాబ్‌గా కత్తిరించి పేరు తెచ్చుకున్నది 1963లో. మధ్యలో ఉన్న ఆ తొమ్మిదేళ్ళూ చూడు తల్లీ. ఆడవాళ్ళు ఇంట్లో పడే అవస్థని తీర్చిన ఆలోచన అది.

అందుకే వచ్చిన ప్రతి తలా చదువు. దువ్వెన పెట్టేముందు పాపిడి తీసి సుడి ఎటు తిరిగిందో వేళ్ళతో చూడు. మెడ వెనక వెంట్రుక కిందికి పెరుగుతోందా, పక్కకి పోతోందా? రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారు మనవాళ్ళు, నీకు మాత్రం ఆ చోట రెండింతల జాగ్రత్త. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. చెవి మీద పాయని లాగి పట్టి కత్తిరించావా, ఆరేసరికి అక్కడ గుంట పడుతుంది. అక్కడ వేళ్ళు వదులుగా పట్టు.

రంగు దగ్గర మన నల్ల జుట్టే నీకు గురువు. బ్లీచ్ పెడితే ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, ఆ పైన పసుపు. నారింజని నీలం చంపుతుంది, పసుపుని ఊదా చంపుతుంది. ఇక కుదుళ్ళ దగ్గర తల వేడికి మందు తొందరగా పని చేస్తుంది. అందుకే ఇదివరకు రంగు వెయ్యని జుట్టుకు మధ్యలో మొదలుపెట్టి కుదుళ్ళు ఆఖర్న ముట్టుకో. డమ్మీకి మాడు కాగదు కాబట్టి ఈ తేడా అక్కడ తెలియదు. గిరాకీకి మాత్రం 48 గంటల ముందు చర్మం మీద చుక్క పెట్టి చూడకుండా రంగు వెయ్యకు, ఎంత తొందరపెట్టినా సరే.

పొడుగు జుట్టు ముడుల విషయంలో నీ దగ్గర చాలామందికి లేని ఆస్తి ఉంది. అమ్మమ్మ పెళ్ళికూతుళ్ళకి పూలజడ వేసేటప్పుడు నువ్వు పక్కనే కూర్చునేదానివి. సవరం కలిపి, బరువంతా మాడు మీద ఒకేచోట పడకుండా పాయల మీదికి పంచి, తలంబ్రాలు అయ్యేదాకా జారకుండా నిలబెట్టేది. జడగంటలు, పువ్వులు కలిపితే ఎంత బరువో నీకు తెలుసు. ఇంకెవరో చేసిన ముడి ఫోటో చూసి దించే బదులు, ఆ పట్టు ఎక్కడుందో ఆవిడని అడిగి నేర్చుకో. ఆవిడ చేతులింకా ఆడుతున్నాయి. ఈ సంక్రాంతికే కూర్చో.

వరల్డ్ స్కిల్స్‌లో కొన్ని మార్కులు కొలిచి వేస్తారు, కొన్ని నిపుణులు చూసి వేస్తారు. కొలతకి అందే మార్కు ఒక్కటీ వదలకు. టైముకి ముగించడం, అడిగిన పొడవు, అడిగిన రంగు. ఇవి వంకలేకుండా వచ్చాకే నీ సొంతదనం గురించి ఆలోచించు.

సెలూన్‌లో చేసిన పని ఫోటోల పోటీకి పనికొస్తే, ఆ గిరాకీ అనుమతి తీసుకున్నాకే ఫోటో వాడు. పోటీ కోసం అప్పు మాత్రం చెయ్యొద్దు. డమ్మీ తలల ధరలు కనుక్కుని రాయి, రెండింటికి నేను పంపుతాను. మొదటిదాని మీద కొత్త స్టైలేదీ వద్దు, ఒక్క బాబ్ వెయ్యి. అయ్యాక ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పంపు. వెనకది కాస్త దగ్గరగా తియ్యి, మెడ గీత కనపడాలి.

ఇట్లు,
మీ బాబాయి